ఉతికిన టోపీ

రొట్టెల కొట్టుకు వెళ్ళడానికి మా వీధివాళ్ళకు దగ్గర దారి ఒకటుంది. ముప్పై ఒక్క ఏళ్ళపాటు టార్చీజియో ఆ దారి తొక్కలేదు. చర్చి వెనక నుంచి, స్మశానం గోడ వెంట చుట్టూ తిరిగి వెళ్ళి, చల్లారిన రొట్టెతో ఇంటికి వచ్చేవాడు. దగ్గర దారిలో మాజీ సైనికుల గుడిసె ఉంది మరి.

గుడిసె అని పేరేగానీ పెంకుల కప్పు, రెండు పొయ్యిలు, గోడకు వేడినీళ్ళ బాయిలరు ఉన్న ఇల్లది. కొండ సైన్యంలో చేసి వచ్చిన మగవాళ్ళు రోజూ అక్కడ చేరి పేకాడుకుంటారు. వీళ్ళలో ఒక్కడూ యుద్ధం చూడలేదు. వయసుకొచ్చినప్పుడు సర్కారు పిలిస్తే పోయి, పద్దెనిమిది నెలలు మంచులో నడిచి వచ్చారు. ఆ నడక గురించి నలభై ఏళ్ళుగా కూర్చుని మాట్లాడుతున్నారు.

ఆ నడకకు సాక్ష్యం ఈక టోపీ. బూడిదరంగు ఉన్ని టోపీ, పక్కన నిలువుగా నల్లటి ఈక. ఇంటికి తెచ్చుకున్నాక దాన్ని ఉతకకూడదు. చెమట, వాన, వైన్, పొయ్యి పొగ అన్నీ అందులో ఇంకాలి. టోపీ ఎంత మురికిగా ఉంటే మనిషికి అంత మర్యాద. చివరకు శవపేటిక మీద పెట్టేదీ దాన్నే. మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ టోపీ మీద దుమ్ము కూడా దులపరు.

టార్చీజియో పెళ్ళాం ఎల్దాది మా కొండ ఊరు కాదు. వెనిస్ వైపు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చింది. ఉతకడమంటే ఆమెకు ప్రాణం. కాపురానికి వచ్చిన ఏడాది ఇంట్లోకి బట్టలుతికే మిషన్ వచ్చింది. ఆ వారంలోనే నేను మా కిటికీలోంచి చూశాను. దండెం మీద రెండు దుప్పట్ల నడుమ క్లిప్పు పెట్టి ఈక టోపీ వేలాడుతోంది. అంత టోపీ కుదించుకుపోయి కాఫీ గిన్నె మీద మూతంత అయింది. ఈక మాత్రం మునుపటంత పొడుగే ఉంది.

సాయంత్రం టార్చీజియో సామిల్లు నుంచి వచ్చి దండెం కింద నిలబడ్డాడు. లోపలి నుంచి ఎల్దా అడిగింది: "ఎలా ఉంది? పాత కంపంతా వదిలిపోయింది కదూ?"

"బాగా ఉతికావు," అన్నాడు.

అంతే. ఆ మర్నాటి నుంచి చర్చి వెనక దారి పట్టాడు. ఎవరైనా అడిగితే, "ఆ గుడిసెలో అన్నీ సొల్లు కబుర్లు, నాకు పడవు" అనేవాడు. ఊరంతా అతన్ని పొగరుబోతని అనుకుంది. ఎల్దా కూడా అలాగే అనుకుంది.

పోయిన ఏడు సామిల్లు నుంచి రిటైరయ్యాక అతనికి కష్టాలొచ్చాయి. ఎల్దా పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుంటే ఇంట్లో ఏ కుర్చీకీ దిక్కుండదు. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి మెట్ల మీదికి తరుముతుంది. మెట్లు కడిగేటప్పుడు పెరట్లోకి తరుముతుంది. అక్టోబరు చివర్లో కంచె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"గెమ్మక్కా, వచ్చే ఆదివారం నువ్వు గుడిసెకి వెళ్తున్నావా?"

ఏటా నవంబరు మొదటి ఆదివారం అక్కడ బోటి పులుసు భోజనం. ఆడవాళ్ళనూ రానిచ్చేది ఆ ఒక్క పూటే. కొత్తగా చేరదలచినవాళ్ళు టోపీ చూపించి చోటు అడిగేదీ ఆ పూటే.

"వెళ్ళకుండా ఉంటానా? ఏం?"

"నేనూ చోటడుగుదామని."

"టోపీ?"

నా మొహంలోకి చూశాడు. "నీకు తెలుసన్నమాట."

"మీ దండెం మా కిటికీ ఎదురుగానే ఉంది కదయ్యా. పోనీ సంతలో కొత్తది కొనుక్కో, బోలెడు వేలాడదీస్తారు."

"కొత్త టోపీతో పోయేకంటే తలకాయ ఇంట్లో పెట్టి పోతాను," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం బయలుదేరాం. టోపీ రొట్టె సంచిలో ఉంది. ఎల్దా అయితే మొగుడికి ఇన్నాళ్ళకు నలుగురిలో కలవాలన్న బుద్ధి పుట్టిందని సంబరపడుతూ, ఇస్త్రీ చేసిన జేబురుమాళ్ళు మూడు తెచ్చింది.

గుడిసె గుమ్మం పక్కన నలభై మూడు మేకులు, నలభై మూడు టోపీలు. ఆ వాసనకు ఎల్దా జేబురుమాలు ఒకటి వాడేసింది. బల్లల మీద మొక్కజొన్న సంకటి పొగలు కక్కుతోంది. గుడిసె పెద్ద సాంతె లేచి వచ్చాడు. జీవితమంతా బస్సు నడిపినవాడు, గొంతు మాత్రం పటాలాన్ని నడిపినట్టుంటుంది. సైన్యంలో ఆఫీసు గదిలో పొయ్యి పక్కన కూర్చుని సెలవు చీటీలు రాశాడని వాళ్ళ చెల్లెలే నాతో చెప్పింది.

టార్చీజియో సంచిలోంచి టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. అది తల మీద నిలవక చెవి మీదికి జారింది. చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేంట్రా, మనవడిదా?" అన్నాడు సాంతె. "ఏ దళంలో చేశావు నువ్వు? పిల్లుల దళమా?"

గుడిసె గుడిసంతా పొట్టలు పట్టుకుంది. కసాయి ఎత్తోరె నవ్వలేక దగ్గాడు.

"అంత చిన్నదెలా అయిందయ్యా?" అని అడిగాడు.

జవాబు ఎల్దా చెప్పింది. "నేనే ఉతికాను. కంపు కొడుతుంటేను."

నవ్వులు ఆగిపోయాయి. చర్చిలో ఎవరో బూతు మాట అన్నట్టుగా అందరూ ఆమె వంక చూశారు. ఎల్దా ఆ నలభై మూడు టోపీల వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. అప్పటికి తెలిసింది ఆమెకు.

"ముప్పై ఏళ్ళు! ఒక్కసారన్నా చెప్పొచ్చు కదా నాతో!"

"అప్పటికే ఉతికేశావు కదా. చెప్పి ఏం లాభం?"

సాంతె గొంతు సవరించుకున్నాడు. "ఉతికిన టోపీ టోపీ కాదు. అది పద్ధతి. అంతగా తినాలని ఉంటే ఆ మూల స్నేహితుల బల్ల ఉంది, పోయి కూర్చో."

స్నేహితుల బల్ల అంటే సైన్యం మొహం చూడనివాళ్ళది. బంగాళదుంపల తొక్క తీసేదీ, అందరూ తిన్నాక గిన్నెలు తోమేదీ వాళ్ళే. టార్చీజియో తల వంచుకుని ఆ మూలకు నడిచాడు. సగం దూరం పోయి గోడ దగ్గర ఆగిపోయాడు.

ఆ గోడకు పెద్ద ఫొటో ఒకటుంది. మంచులో ఒక కంచర గాడిద. ఒక సైనికుడు మనకు వీపు పెట్టి వంగి, దాని ముందుకాలు ఎత్తిపట్టుకుని గిట్ట శుభ్రం చేస్తున్నాడు. మొహం కనపడదు. ఆ వంగినవాడు తానేనని సాంతె ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాడు. ఏటా బోటి పులుసుతో పాటు ఆ కథ కూడా వడ్డిస్తాడు.

"లోలా," అన్నాడు టార్చీజియో. సొంత పెళ్ళిరోజు ఏనాడూ గుర్తుంచుకోని మనిషి ఆ గాడిదను పేరు పెట్టి పిలిచాడు. "ఈ ఎడమ చెవి చీలిక చూశారా, ముళ్ళకంపలో పడి చీరుకుంది. ఉల్లిపాయ పెడితేగానీ కాలెత్తేది కాదు."

"అది నా గాడిద! ఆ వంగిందీ నేనే," అన్నాడు సాంతె.

"నీదేనయ్యా," అన్నాను నేను. "అయితే గిట్ట మీద సైన్యం వాతపెట్టిన నంబరెంతో చెప్పు."

"నలభై ఏళ్ళ కిందటి మాట! ఎవరికి గుర్తుంటుంది?"

గాడిదను నడిపినవాడు పిల్లల పేర్లు మరిచిపోతాడేమోగానీ ఆ నంబరు మరవడని అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు.

"రెండు వందల పద్నాలుగు," అన్నాడు టార్చీజియో. అతను చూస్తున్నది గిట్టను కాదు, చెవినే.

ఎత్తోరె కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ ఎక్కి, ఫొటోకు ముక్కు ఆనించాడు. "రెండు... ఒకటి... నాలుగు," అని చదివి, దిగేటప్పుడు సాంతె వంక చూడకుండా దిగాడు.

సాంతె చెవులు వైన్ రంగుకు తిరిగాయి. "పులుసు చల్లారిపోతోంది," అన్నాడు. కాసేపటికి తానే సుత్తి తెచ్చి గుమ్మం పక్కన నలభై నాలుగో మేకు కొట్టాడు. ఆ టోపీకి చిన్న మేకు చాలన్నట్టు చిన్నదే కొట్టాడు. క్షమించమని మాత్రం అనలేదు. ఆ మాట మా మగవాళ్ళకు సైన్యంలో నేర్పలేదు.

అప్పటి నుంచి టార్చీజియో రోజూ దగ్గర దారిలోనే పోతున్నాడు. లోలా కథ ఊరందరికీ కంఠతా వచ్చేసింది. మొదట్లో అది మంచులో పది మైళ్ళు నడిచేది, ఈస్టరు నాటికి ముప్పై నడిచింది.

ఈ నవంబరు ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఏటి అవతలి నుంచి కాపురం మారి వచ్చిన పెద్దమనిషి ఒకాయన టోపీ పట్టుకుని చోటడగడానికి వచ్చాడు. సాంతె కంటే ముందు టార్చీజియో లేచాడు. ఆ టోపీ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, లోపలి పట్టీ తిరగేశాడు.

"ఇంత శుభ్రంగా ఉందేంటి?" అన్నాడు. "ఆ మూల స్నేహితుల బల్ల ఉంది చూడండి."

నేను దగ్గాను, కంచం మీద చెంచాతో కొట్టాను. నా వైపు తిరిగితేనా! పక్కన ఎల్దా జేబురుమాలు మడతలు పెడుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆ కొత్తాయన రొట్టె చంకలో పెట్టుకుని చర్చి వెనక నుంచి, స్మశానం గోడ వెంట ఇంటికి పోతూ కనిపించాడు.