రెయిలింగు మీది కత్తిగాటు

అంతర్యుద్ధంలో ఓడిన అమెరికా దక్షిణాదిలో, సవానా అనే ఊళ్ళో పదిలంగా కాపాడుకొస్తున్న పాత థ్రాషర్ మేడ చరిత్రను శనివారాల్లో సందర్శకులకు చెప్పేది మిస్ ఆర్డీలియా. డెబ్బై దాటిన మనిషి. ఎంత ఉక్కపోసినా తెల్లని చేతితొడుగులు విప్పదు. ఏ గదులు తిప్పినా చివరికి అందరినీ మెట్ల దగ్గరికి తెచ్చి, రెయిలింగు మీది గాటులో వేలు పెట్టి, గొంతు తగ్గిస్తుంది. "అంతర్యుద్ధంలో ఉత్తరాది సిపాయి మా ముత్తవ్వ మీదికి కత్తి దూశాడు తల్లీ. అదిగో, ఆ దెబ్బే ఇది." మేడ కట్టిందే ఆ యుద్ధం ముగిసిన ఇరవై ఏళ్ళకని, గాటు పియానో మోసేవాళ్ళ పుణ్యమని ఊరందరికీ తెలుసు. కానీ చేతితొడుగుల పెద్దావిడను కాదనడం ఆ ఊళ్ళో మర్యాద కాదు.

మేడను చూసుకునే సంఘానికి కొత్తగా వచ్చిన అధ్యక్షురాలు హారియెట్ మాత్రం మొహమాటపడలేదు. "మిస్ ఆర్డీలియా, ఇంకోసారి ఆ కత్తి కథ చెప్పారంటే శనివారాలు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానండీ," అంది. శనివారం తప్పితే ఆర్డీలియాకు పలకరించే దిక్కు లేదు. అందుకే ఆ శనివారం పియానో సంగతే చెప్పాలనుకుంది. తీరా మెట్ల దగ్గరికి వచ్చేసరికి, వెనక హారియెట్ ఉండగానే, వేలు గాటులోకి వెళ్ళింది, నోరు సిపాయిని పిలిచింది.

ఉత్తరాదిలోని ఒహాయో నుంచి వచ్చిన టీచరమ్మ చెయ్యెత్తింది. "ఈ ఇల్లు కట్టేనాటికి యుద్ధం అయిపోయింది కదండీ?"

ఆర్డీలియా ఆమెను జాలిగా చూసింది. "అయిపోయిందని నీతో ఎవరన్నారు బంగారూ?"

గుంపులో ఉన్న ఊరివాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. మందలించబోయిన హారియెట్ కూడా కొట్టింది. శనివారాలు ఆర్డీలియాకే ఉండిపోయాయి, యుద్ధంతో సహా.