మైక్రోస్కోపు స్టాండుకు మోటారు కట్టినప్పుడు

బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో మా ఇంటి ముందుగదే నా వర్క్‌షాపు అయింది. బోరులో నీళ్లు అయిపోతే మోటారు తనంతట తానే ఆగిపోయేలా చేసే చిన్న సర్క్యూట్ బోర్డులు తయారుచేసి, రాయల్పాడు వైపు మామిడితోటల వాళ్లకు ఇచ్చేవాణ్ణి. బోర్డుకు సూది దూరేంత రంధ్రాలు వేయడమే నా ప్రాణం తీసేది. చేతి డ్రిల్లు కాస్త పక్కకు ఒరిగినా దాని కొసనున్న సన్నటి బిట్టు పుటుక్కున విరిగేది. ఆ బిట్లు ఊళ్లో దొరకవు. విరిగినప్పుడల్లా రైలెక్కి బెంగళూరు పోవాలి.

విసిగిపోయి, డ్రిల్లు నిటారుగా దిగే యంత్రం నేనే చేసుకుందామనుకున్నాను. పాతసామాన్ల అంగట్లో అద్దాలు పోయిన మైక్రోస్కోపు ఒకటి దొరికింది. పక్కనున్న మర తిప్పితే దాని గొట్టం నిటారుగా దిగుతుంది. గొట్టం తీసేసి ఆ చోట చిన్న మోటారు, దాని కింద బిట్టు బిగించాను.

మా నాయన గని ఆఫీసులో గుమాస్తా. గని మూసినప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు. డ్రిల్లింగు మిషన్లు గని లోపలికి పోతుంటే చూశాడు తప్ప ఏనాడూ ఒకటి చేత్తో పట్టినవాడు కాదు. అయినా నా పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"ఇంగా గట్టిగా నొక్కప్పా. రాయిలోకే దిగుతాది, ఇదెంత?"

"ఇది రాయి కాదు నాయనా. నొక్కితే విరుగుతాది."

"నొక్కకపోతే దిగేదెట్ల?"

మోటారు అదిరింది. కింద రబ్బరు పెడితే ఇంకా అదిరింది. రబ్బరు తీసి రేకు చుట్టాను. బిట్టు ఊగుతూ బోర్డంతా గీకింది. చివరికి బిట్టును పట్టుకునే చక్ అనే బిగింపే వంకరగా ఉందని తేలింది. తమక ఊళ్లో లేత్ మిషను ఉన్నాయన దగ్గరికి పోయి సరిచేయించుకొచ్చాను. ఇంటికొచ్చి, మిగిలిన ఒక్క బిట్టూ బిగించి, అన్నం తినడానికి లోపలికి పోయాను. తిరిగొచ్చేసరికి బిట్టు రెండు ముక్కలు. నాయన చెయ్యి ఇంకా మర మీదే ఉంది.

"చూద్దామని నొక్కినాను. మంచి బిట్టు కాదప్పా ఇది."

ముక్కలు రెండూ అరచేతిలో వేసుకుని చూస్తూ నిలబడ్డాను. వంటింటి గడపలో నిలబడి నా భార్య అంది: "మామా, ఆయన ఏడ్చేలోగా మీరు లేచి లోపలికి రండి."

మర్నాడు రైలెక్కి బిట్లు తెచ్చాను. ఈసారి బిట్టు ఊగకుండా తిన్నగా దిగింది. రంధ్రం పక్కన రంధ్రం చక్కగా పడుతోంది. నాయన తన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఒకటి నన్ను వెయ్యనీ."

లేచి పక్కకు జరిగాను. ఆయన మెల్లగా, భయంభయంగా మర తిప్పి ఒక రంధ్రం వేశాడు. ఇక లేవలేదు. ఆ తర్వాత రోజూ కాఫీ తాగగానే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి యంత్రం ముందు కూర్చునేవాడు. నేను గుర్తు పెట్టిన చోటా వేసేవాడు, పెట్టని చోటా వేసేవాడు.

"నాయనా, ఆడ రంధ్రం వద్దు."

"ఉండనీలే, గాలి ఆడతాది."

ఆయన్ని ఎట్లాగైనా లేపమని నా భార్యను బతిమాలాను.

"గని మూసినప్పటి నుంచి మామ ఇట్ల పొద్దున్నే తల దువ్వుకోగా నేను చూడలేదు. మీరే ఇంగొక యంత్రం చేసుకోండి," అంది.

నాయన వేసిన అదనపు రంధ్రాలతో బోర్డు మీద తెగిన రాగి గీతలకు తీగ ముక్కలు అతికిస్తూ కూర్చున్నాను.