పొయ్యి మండుతాందా?

మా మేష్ట్రు పోయారని బట్లహళ్ళి ఎస్టీడీ బూతుకు ఫోనొచ్చింది. బూతాయన నా పేరు పెట్టి కేక వేస్తుంటే, మళ్ళీ ఏదో సర్వేకి మేష్ట్రే పిలుస్తున్నారనుకొని ఉరుకులు పరుగుల మీద వెళ్ళాను. ఎంత పిచ్చిదాన్నో!

హైస్కూల్లో నాకు సైన్సు చెప్పిన మేష్ట్రాయన. రిటైరయ్యాక, పల్లెల్లో కట్టెల పొయ్యి పోయి గోబర్ గ్యాసు నిలవాలంటే ఏం చేయాలో తేల్చే పరిశోధనకు ఆయనే పెద్ద. ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చే పని నాది. ఆయన సంచిలో కట్టెలు తూచే స్ప్రింగు త్రాసు, ఒక తువ్వాలు ఎప్పుడూ ఉండేవి. "పేడ అంటని చేత్తో రాసిన రిపోర్టు నమ్మొద్దమ్మా" అనేవారు. అన్నట్టే పేడ తొట్టిలో చెయ్యి మోచేతిదాకా పెట్టి కలిపేవారు.

సాదలి పక్క పల్లెల్లో నేను గడపగడపకూ పోయి అడిగాను, "గ్యాసు పొయ్యి మండుతాందా అమ్మా?" అని. అందరూ "మండుతాండాది" అన్నారు. అన్నిటికీ టిక్కు పెట్టి గొప్పగా తెచ్చి చూపించాను. ఆయన ఆ కాగితాలు సంచిలో పెట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని ఆ పల్లెల్లోనే ఒక ఇంటికి పోయి, "గుక్కెడు టీ ఇయ్యమ్మా" అన్నారు. కాసేపటికి ఇంటినిండా పొగ. ఆ ఇల్లాలు ఎర్రబడ్డ కళ్ళు కొంగుతో తుడుచుకుంటూ టీ తెచ్చింది.

"గ్యాసు మండుతాందని రాయించినావే తల్లీ?"

"గొట్టంలో నీళ్ళు నిలిచి ఆర్నెల్లాయ మేష్ట్రూ. అట్లని, సంసారం చేసే ఇంట్లో పొయ్యి ఆరిపోయిందని యా నోటితో చెప్పేది?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మ అనదు, నేనూ అనను ఆ మాట. అది అశుభమని తెలిసీ అట్లా అడిగాను. ఆ టిక్కులు అట్లాగే పోయి ఉంటే, గొట్టాలు బాగుచేసేవాళ్ళు ఆ ఊళ్ళ మొహం చూసేవారు కాదు.

సర్వే మళ్ళీ చేయాలని తెలిసి, బెంగళూరు నుంచి వచ్చిన ఆఫీసర్లు మీటింగులో, ఈ ప్రశ్న ఎవరు రాశారని గద్దించారు. నేను లేవబోయాను. మేష్ట్రు ముందే లేచి, "ప్రశ్న నాది, తప్పూ నాదే" అన్నారు. ప్రశ్న నాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్ళీ అన్ని ఇళ్ళూ తిరిగాం. ఈసారి ఆయన అడగమన్న మాట వేరు: "ఈపొద్దు పాలు దేనిమీద కాచినావమ్మా?" రిపోర్టు ఆలస్యమైంది, గొట్టాలు బాగుపడ్డాయి. ఆ తప్పు నాదని మాత్రం నేను నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా. ఇప్పుడు చెబుదామంటే వినడానికి ఆయన లేరు.

మూడోనాడు చింతామణిలో వాళ్ళింటికి పోయాను. ఇరుగుపొరుగు తెచ్చిన అన్నం గిన్నెలు వసారాలో ఉన్నాయి. పెరట్లో మేష్ట్రు కట్టించిన గ్యాసు గుంత. మూడు రోజులుగా వంట లేక గ్యాసు నిండి, దాని మీది ఇనుప డ్రమ్ము ఎన్నడూ లేనంత పైకి లేచి ఉంది. మేష్ట్రు భార్య నా పక్కకొచ్చి నిలబడి దాన్నే చూశారు. ఏ ఇల్లాలూ అనని మాట ఆమె అన్నారు.

"మా పొయ్యి ఆరిపోయిందమ్మా."

డ్రమ్ము అంచు చుట్టూ పేడనీళ్ళలో బుడగలు లేస్తున్నాయి, పగులుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి.