కత్తిపీట సాక్ష్యం

చేపను పైనుంచి చూసి తాజాదో కాదో చెప్పేవాళ్ళు సిరిసిల్ల మార్కెట్లో వందమంది ఉంటారు. అది ఎలా చచ్చిందో చెప్పాలంటే మాత్రం కోయాలి. వలలో పడ్డ చేప కడుపులో గాలితిత్తి ఊదిన బుడగలా తెల్లగా, నిండుగా ఉంటుంది. నీళ్ళలో మందు తూటా పేల్చి పట్టిన చేపకు ఆ తిత్తి పగిలిపోతుంది, నడిముల్లు వెంట నల్లటి నెత్తురు గడ్డకడుతుంది. పైకి మాత్రం పొలుసు కూడా చెదరదు. ఇరవై ఏళ్ళుగా కత్తిపీట ముందు కూర్చుంటున్న నాకు చూడాల్సిన పని కూడా లేదు, వేలు పెడితే చాలు.

మాది కోనరావుపేట దగ్గర ఒక పల్లె. ఊరి చెరువు, దాన్ని నింపే వాగు మా మత్స్య సంఘం కిందివి. బావులు తవ్వేవాళ్ళ దగ్గర బండలు పేల్చే తూటాలు దొరుకుతాయి. ఒక్కటి మడుగులో వేస్తే వేలెడంత పిల్ల దగ్గర్నుంచి కడుపునిండా గుడ్లున్న తల్లి దాకా అన్నీ చస్తాయి. సగం తేలతాయి, సగం అడుగున కుళ్ళుతాయి. మరుసటి ఏడు వల వేస్తే నాచు వస్తుంది. మత్స్యశాఖ ఆఫీసువాళ్ళకు చెబితే ఒకసారి జీపులో వచ్చి, కట్ట మీద ఫొటో దిగి, "మీ చెరువు మీరే కాపాడుకోవాలె" అని చెప్పి పోయారు. అబ్బో, మాకు తెలియదు మరి!

అందుకే సంఘమే కట్టడి పెట్టుకుంది. తూటా వేసినా, తూటా చేప అమ్మినా ఆ ఇంటి సభ్యత్వం పోతుంది. ఇక ఎండాకాలం చెరువు తగ్గాక అందరూ కలిసి వల లాగే రోజున ఆ ఇంటికి వాటా ఉండదు. నీళ్ళలోకి దిగే హక్కే ఉండదు. సాక్ష్యం మాత్రం మగవాళ్ళది కాదు. అనుమానం వచ్చిన గంప పక్కన కూర్చునే ఆడమనిషే ఆ చేపను కోసి, అందరి ముందు చెప్పాలి. సాక్ష్యానికి ఎవరి గంప వాళ్ళు కోసుకోకూడదు. మా అత్తల కాలం నుంచి వస్తున్న పద్ధతి.

ఆ సాక్ష్యానికి నాకు పేరుండేది. నోరు కొంచెం పెద్దది నాది. ఒకసారి సంఘం పెద్దమనిషి మేనల్లుడి చేపనే కోసి, "తూటా!" అని మార్కెట్ అదిరిపోయేలా అరిచాను. పెద్దమనిషి మొహం మాడింది కానీ కట్టడికి ఒప్పుకున్నాడు. అప్పటినుంచి నేను ఎంత అంటే అంత.

నా పక్కన కూర్చునే ఆమె నాకంటే పదేళ్ళు చిన్నది. భర్త దుబాయిలో ఉంటాడు. అక్కడ పని ఉన్న నెలల కంటే లేని నెలలే ఎక్కువ. సభ్యత్వం ఆయన పేరున ఉంది, ఇద్దరు ఆడపిల్లలతో ఆ ఇల్లు గడిచేది చెరువు వాటాతోనే. నాకు జ్వరమొస్తే నా గంప కూడా తనే అమ్మిపెట్టేది.

ఇక నా తమ్ముడు. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. పెళ్ళయి అత్తగారింటికి వస్తూ వాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాను. నా భర్త పోయాక ఆయన సభ్యత్వం నా పేరున మారింది. తమ్ముడికి లేదు. సంఘం పట్టికలో ఎవరి పేరైనా పోతే తప్ప కొత్తవాళ్ళకు చోటుండదు. ముప్పై ఏళ్ళ మనిషి, బావులు తవ్వే కంప్రెషర్ బండి మీద కూలికి పోయేవాడు.

పోయిన వానాకాలం ఒక ఉదయం గంపెడు రవ్వు చేపలు తెచ్చి నా ముందు దించాడు.

"మానేరు నదిల దోస్తులు పట్టిండ్రు, అమ్ము అక్కా."

మొదటి చేప కోశాను. తిత్తి ఉండాల్సిన చోట పగిలిన తోలు, నల్లటి నెత్తురు. పక్కామెకు కనపడకుండా పేగులు బకెట్లోకి తోసేశాను. మిగతావి కూడా అమ్మాను. అవును, అమ్మాను. థూ, నా బతుకు.

ఇంటికి పోయి వాడి గల్లా పట్టుకున్నాను. "మన వాగులనే ఏసినవా తూటా?"

"ఒక్కసారే అక్కా. సభ్యత్వం ఇయ్యరాయె, వల ఏస్తె పట్టుకుంటరాయె. నేనేం జెయ్యాలె మరి?"

"ఏమన్న జేసుకో. మళ్ళ నా గంపల ఏసినవంటే నీ చెయ్యి ఇరగ్గొడ్త."

తప్పంతా ఆ మాటలోనే ఉంది. తూటా వేయొద్దని అనలేదు నేను. నా గంపలో వేయొద్దన్నాను.

వాడు నా మాట తు.చ. తప్పకుండా విన్నాడు. పది రోజులకు పట్టపగలు వాగు వైపు నుంచి పెద్ద శబ్దం వచ్చింది. సంఘం వాళ్ళు ఉరికేసరికి అక్కడ ఎవరూ లేరు. మరునాడు పొద్దున్నే పెద్దమనిషితో కలిసి నలుగురు మార్కెట్‌కు వచ్చి, గంపలు చూసుకుంటూ పక్కామె దగ్గర ఆగారు. ఆమె అప్పుడే గంప దించింది, ఇంకా ఒక్కటీ కోయలేదు. నిండా రవ్వులు, ఒక్కదానికీ వలదారం గీరిన గుర్తు లేదు.

"వదినె, కోసి చెప్పు," అన్నాడు పెద్దమనిషి నాతో.

పక్కామె భయపడలేదు. నవ్వింది కూడా. "కొయ్యక్కా, నీ తమ్ముడిచ్చిన చేపలేనాయె," అంది నాకు మాత్రమే వినపడేలా.

అది విన్నాక కోయబుద్ధి కాలేదు. అయినా కోశాను. తిత్తి పగిలి ఉంది. పదిమంది వంగి చూస్తున్నారు, చేప విషయంలో అబద్ధమాడే వీలు లేదు.

"తూటా చేపనే," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకేం ఎర్కలేదు! పొద్దుగాల నీ తమ్ముడే తెచ్చిండు. మా అక్క గంప నిండింది, నువ్వు అమ్ముకో అన్నడు. నువ్వన్న చెప్పరాదే!"

అందరూ నావైపు తిరిగారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. వాడు ఉండేది నా ఇంట్లో. నిజం చెబితే నా సభ్యత్వం పోతుంది, వాడు జైలుకు పోతాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నా తమ్ముడు నిన్నటిసంది కోరుట్లల ఉన్నడు. వానికేం సంబంధం?"

ఆమె గంప మీద గుడ్డ కప్పింది. నన్నే చూస్తూ కూర్చుంది. పెద్దమనిషి ఇంకెవరినీ ఏమీ అడగలేదు. నేను చెప్పాక అడిగేదేముంది?

వారంలో సంఘం కూర్చుంది. దుబాయి నుంచి ఆమె భర్త ఫోన్లో బతిమాలాడు. "నా పిల్లల మొకం చూడుండ్రి," అన్న మాట స్పీకర్లో అందరికీ వినపడింది. కట్టడి కట్టడే అన్నారు. పేరు కొట్టేశారు. ఖాళీ అయిన చోటు ఎవరికివ్వాలన్నప్పుడు పెద్దమనిషి లేచాడు.

"పక్కపొంటి కూసునేటామె అని కూడ సూడకుండ ఉన్నదున్నట్టు చెప్పింది వదినె. గసొంటి ఇంట్ల ఇంకొక సభ్యత్వం ఉంటె చెరువుకే మంచిది. ఆమె తమ్మునికిద్దాం."

చప్పట్లు కొట్టారు. తమ్ముడు తల వంచుకున్నాడు. నేనైనా వద్దనొచ్చు, అనలేదు. వాడి కాగితం మీద సాక్షి సంతకం నాదే.

ఆమె మార్కెట్‌కు రావడం మానేసి బీడీలు చుడుతోంది. ఈ ఎండాకాలం వల లాగి, పేరుకొక కుప్ప పోసిన రోజున కట్ట మీదుగా పోతూ కనిపించింది. తమ్ముడికి ఏమనిపించిందో, తన కుప్పలోంచి పెద్ద బొచ్చె చేపను తీసి, "తీస్కపో అక్కా, పిల్లలకు వండు," అన్నాడు.

"నా కుప్పల చేపను నాకే బిచ్చమేస్తున్నవా?" అంది. అడిగింది వాణ్ణి, చూసింది నన్ను.

ఆమె కట్ట దిగేదాకా ఆగి, నాదీ తమ్ముడిదీ రెండు కుప్పలూ గంపలకెత్తి సిరిసిల్ల ఆటోలో వేయించాను.