హాల్లో సముద్రం, దానికి పట్టిన పాచి

నిడదవోలులో మా హాల్లో, టీవీ పక్కన ఒక సముద్రం ఉంది. పొడవు రెండడుగులు. గోదావరి పట్టిసీమ నుంచి అంతర్వేది దాకా నడిచి ఉప్పగా మారడానికి పడే శ్రమంతా నేను ఫిల్టరు నీళ్ళ బకెట్లో ప్యాకెట్ సముద్రపు ఉప్పు పోసి, గరిటెతో కలిపి, ఒక సీరియల్ అయ్యేలోపు ముగిస్తాను. సముద్రం కావాలంటే కాకినాడ వెళ్ళి చూసి రావచ్చు కదా, ఇంట్లోకి తేవడం దేనికని మా ఆవిడ అడిగింది.

అందులో రెండు చేపలు. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు, పెళ్ళి బ్యాండు వాళ్ళ యూనిఫాంలా ఉంటాయి. మొదట్లో నీళ్ళు తేటగా ఉండేవి. తరవాత ఒక మూల ఆకుపచ్చ చుక్క కనబడింది. అది చూస్తుండగానే అద్దాలకీ, రాళ్ళకీ, పంపుకీ పాకింది. చేపలు ఓ నిమిషం కదలకుండా నిలబడితే వాటికీ పట్టేదే. పాత ఏటీఎం కార్డుతో పొద్దున గీకితే సాయంత్రానికి మళ్ళీ వరి నారుమడి తయారు.

రాజమండ్రిలో చేపలమ్మిన ఆయనకు ఫోన్ చేస్తే, తినగా మిగిలిన మేత కుళ్ళి నాచుకు ఎరువవుతుందని చెప్పాడు. లైటు తగ్గించమన్నాడు, నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చమన్నాడు, అన్నిటికంటే ముందు మేత తగ్గించమన్నాడు. మొదటి రెండూ చేశాను. మూడోది నా చేతిలో లేదు. మా అత్తగారి చేతిలో ఉంది.

అత్తగారు మా దగ్గరే ఉంటారు. ఆవిడకు 'చాలు' అన్న మాట వినపడదు. కంచానికి రెండు చేతులూ అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి పప్పు పోస్తారు. పాపం, చేపలకు అడ్డం పెట్టడానికి చేతులు కూడా లేవు. పూజయ్యాక ఒక చిటికెడు, టిఫిన్ వేళ ఒక చిటికెడు, వచ్చిన ప్రతి చుట్టం చేతా ఒక చిటికెడు. ఆవిడ చిటికెడులో చిన్న సైజు పెళ్ళి భోజనం పడుతుంది. మేత డబ్బా బీరువా మీద దాచాను. స్టూలు వేసుకుని దింపారు. నువ్వే చెప్పమని మా ఆవిడను బతిమాలితే, సముద్రం మీది కాబట్టి మీరే చెప్పుకోండి అంది. ఒకరికి పెట్టొద్దని అత్తగారితో అనగలిగిన అల్లుడు మా గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

ఒకరోజు తెల్లారేసరికి చేపలు రెండూ నీటి పైకొచ్చి మూతులు తెరిచి మూస్తున్నాయి. చచ్చిపోతాయని నేను రాజమండ్రి ఆయనకు ఫోన్ కలపబోయాను. ఆకలితో నోళ్ళు తెరుస్తున్నాయనుకుని అత్తగారు డబ్బా పట్టుకొచ్చారు. ఈసారి చెప్పి తీరాలని నేను గొంతు సవరించుకునేలోపు, ఆవిడే వంగి చూసి ఆగిపోయారు. మా మామగారు బతికున్నన్నాళ్ళూ వాళ్ళకు చేపల చెరువులుండేవి.

"అల్లుడు గారూ, ఇవి తేలుతున్నాయండి. ఊపిరాడట్లేదు. చెరువులో తెల్లారగట్ల ఇలా తేలితే మీ మావయ్యగారు ముందు మేత ఆపించేవారు."

"అన్నీ తెలిసి ఇన్నాళ్ళూ అంతంత వేశారేంటండీ?"

"చెరువులోవి పంటండి. ఇవి ఇంట్లో చుట్టాలు కదా. చుట్టాలకి చాలని ఎలా అంటాం?"

గాలి పంపు పెట్టి, కొంత నీరు మార్చాను. మధ్యాహ్నానికి చేపలు కిందికి దిగాయి. డబ్బాను ఆవిడే మళ్ళీ బీరువా మీద పెట్టేశారు. అప్పట్నుంచి రోజుకు ఒక్కసారే మేత, అదీ గింజలు ఏరినట్టు. నాచు నెమ్మదించింది. అత్తగారు మాత్రం తొట్టి ముందు కుర్చీలో ఖాళీ చేతులతో కూర్చునేవారు. వడ్డించడానికి ఎవరూ లేని ఆవిడను చూడటం నా వల్ల కాలేదు.

రాజమండ్రి వెళ్ళి, నాచు తినే నత్తలు తెచ్చాను. మునిసిపాలిటీ రోడ్డు రోలర్ల వేగంతో అవి అద్దం ఎక్కి, వెళ్ళిన దారంతా నున్నగా తుడుస్తాయి. ఆ ఊపులో నేనూ కార్డు తీసి గీకడం మొదలెట్టాను. మూడు అద్దాలయ్యాక అత్తగారు చెయ్యి పట్టుకున్నారు.

"ఆ వెనకది ముట్టుకోకండి. అదీ గీకేస్తే వాళ్ళేం తింటారండీ?"

ఇప్పుడు మూడు అద్దాలు నావి, వెనకది ఆవిడది. నాచు కాస్త పలచబడిందని అనుమానం వస్తే, నేను ఇంట్లో లేనప్పుడు కిటికీ కర్టెన్ జరిపి, ఆ అద్దం మీద ఎండ పడనిస్తున్నారు.