నేలమీద కూర్చుని చూసే విద్యార్థి

తెనాలిలో కంప్యూటర్ మీద విగ్రహాలు మలచడం నేర్పేవాణ్ణి. రేపల్లె నుంచి రైల్లో ఒక పెద్దాయన క్లాసుకు వచ్చేవారు. అంతకుముందంతా మట్టితో విగ్రహాలు చేసిన మనిషి. స్క్రీన్ మీద బొమ్మకు కాస్త రూపు రాగానే కుర్చీ దిగి, నేలమీద చతికిలబడి, తలెత్తి దాన్ని చూసేవారు. పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వాను.

బాపట్లలో పెట్టడానికి ఆయన చేసిస్తానని ఒప్పుకున్న విగ్రహానికి స్క్రీన్ మీద తల పెద్దదైందని, పుస్తకంలోని కొలతల ప్రకారం నేనే తగ్గించాను.

"మీరు గురువులండి, మీ ఇష్టం" అన్నారు.

తయారైన విగ్రహాన్ని ఎత్తైన దిమ్మె మీద నిలబెట్టారు. కిందనుంచి చూస్తే తల నిమ్మకాయంత కనిపించింది.

"ముందే చెప్పొచ్చు కదా బాబాయ్?" అన్నాను.

"రోజూ కింద కూర్చుని చూస్తూనే ఉన్నా కదండీ. మీరొక్కసారన్నా వచ్చి పక్కన కూర్చోలేదు."