టీవీ లేని ఇంటి మీద యాంటెన్నా

మా నాయనమ్మ ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. పాలు పోయించుకునే ముందు పాలవాడి క్యానులో వేలు ముంచి చూసేది. ఎనభైల్లో నరసరావుపేటలోని మా ఇంటికి టీవీ వచ్చాక ఆ అనుమానం దాని మీదికీ మళ్లింది. వారానికోసారి వచ్చే సీరియల్ అంతా హిందీలో ఉండేది. హిందీ పరీక్షలు రాశాను కాబట్టి, పక్కన కూర్చుని నేనే కథ చెప్పాలి. "ఆ పిల్ల అంతసేపు మాట్టాడితే నువ్వు రెండు ముక్కలు చెప్తావేంది?" అని నన్నూ శంకించేది.

అయినా ఒక్క వారం కూడా వదిలేది కాదు. అందులో ఒక కోడలు చంటిబిడ్డనెత్తుకుని అత్తారింట్లోంచి బయటపడింది. పుట్టింటి తలుపు కొట్టింది. సరిగ్గా అక్కడ ఆపి సబ్బు ప్రకటన వేశారు, ఆ వారానికి అంతే. నాయనమ్మ మండిపడింది. అక్కడ ఆపించింది సబ్బులవాళ్లేనని ఆమె అనుమానం. అది తప్పని నాకిప్పటికీ అనిపించదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం టక్కు చేసుకున్న మనిషి ఒకడు వచ్చాడు. చేతిలో అట్ట, దానికి కాగితాలు. ఏదో కంపెనీ తరఫున వచ్చానని, టీవీలో ఏమేం చూస్తారో చెబితే చాలని అన్నాడు. టీవీ లైసెన్సు ఎత్తేశారని నాన్న ఎన్నిసార్లు చెప్పినా నాయనమ్మ నమ్మలేదు, ఇతను ఆ డబ్బు వసూలుకే వచ్చాడనుకుంది. వెనకటికి రేడియోకి కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన ఇల్లు మాది.

"మాకు టీవీ లేదు నాయనా," అంది.

అతను తలెత్తి మిద్దె మీదికి చూశాడు. పొడుగాటి ఇనప గొట్టం, దాని కొసన యాంటెన్నా, దాని మీద కాకి.

"అదా? బట్టలారేసుకోటానికి."

అతను నవ్వలేదు. పోనీ ఒంటికి ఏ సబ్బు వాడతారని అడిగాడు. సున్నిపిండి తప్ప సబ్బు ముట్టమంది. అదే రాసుకుని వెళ్లిపోయాడు. నాయనమ్మ ఆ పూటంతా హుషారుగా ఉంది.

మరుసటి వారం ఆ టైముకి వేరే సీరియల్ మొదలైంది. పాతది ఎందుకు ఆపారో ఎవరూ చెప్పలేదు. తను టీవీ లేదనబట్టే ఆపేశారని నాయనమ్మ తేల్చుకుంది. ఒక ఇంటి మాటకు సీరియల్ ఆగుతుందా అని నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. నాయనమ్మ పెళ్లయిన కొత్తలో, చంటివాడైన మా నాన్నను చంకనేసుకుని, నకరికల్లులోని పుట్టింటిదాకా నడిచిపోయిందట. వాళ్లు తలుపు తియ్యలేదట. తెల్లారి వెనక్కి వచ్చేసింది. వంటింట్లో అమ్మ ఈ సంగతి చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఇక రోజూ మధ్యాహ్నం నాయనమ్మ అరుగు మీద కాపలా. కొన్నాళ్లకు అట్ట, కాగితాలతో ఒకతను రానే వచ్చాడు. కరెంటు రీడింగు తీసుకునేవాడు, మా వీధికి కొత్త. నేను ఆ మాట చెప్పేలోపే అతన్ని మంచం మీద కూర్చోబెట్టింది.

"అబద్దం చెప్పా నాయనా. మాకు టీవీ ఉంది. సబ్బులు గూడా చానా వాడతాం, రాసుకో. ఆ పిల్లకి వాళ్ల నాయన తలుపు తీశాడా లేదా, అదొక్కటి చెప్పి పో."

అతను నావైపు చూశాడు. మీటరు వైపు ఒకసారి చూసి, మళ్లీ నాయనమ్మ మొహం చూశాడు.

"తీశాడమ్మా," అన్నాడు.

పాలవాణ్ని నమ్మని మనిషి ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, అతనికి మజ్జిగ తెమ్మని నన్ను లోపలికి పంపింది.